పది వారాల సెలవులు, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు: ఇందులో ఏది తీసెయ్యాలి?

వేసవిపక్షి

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. వయసు 19. పది వారాల సెలవులున్నాయి. ఈసారి వాటిని గట్టిగా వాడుకోవాలని కూర్చుని రాసుకున్నాను.

గ్రంథాలయంలో పని ఖాయమైంది. పాత పత్రికల సంపుటాలను స్కాన్ చేసి, ప్రతి సంచిక వివరాలూ కంప్యూటర్లో ఎక్కించాలి. ఆరు వారాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. జీతం కొంచెమే అయినా ఇస్తారు. తర్వాత స్నేహితులతో కొండల్లో ట్రెకింగ్. దానికి ముందు నేనొక్కదాన్నే రైల్లో కొన్ని ఊళ్లు తిరిగి రావాలని కోరిక. ఇప్పటిదాకా ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదు. ఇవి కాక రోజూ పరుగు, ఒక కొత్త భాష, ఆన్‌లైన్లో డేటా అనాలిసిస్ కోర్సు, వారానికో పుస్తకం, రోజూ డైరీ, కుదిరితే ఈత.

క్యాలెండర్లో పెట్టి చూస్తే అన్నీ సరిపోయాయి. ఒకపక్క ఉత్సాహంగా ఉంది, ఇంకోపక్క ఇప్పుడే టెన్షన్ మొదలైంది. ఇలాంటి సెలవులు గడిపినవాళ్లు చెప్పండి, ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి?

లెక్కలక్క

చెల్లీ, "క్యాలెండర్లో సరిపోయాయి" అన్నావు చూడు, నా అనుమానమంతా అక్కడే. మనం వేసుకునే లెక్క అన్నీ సవ్యంగా జరిగిన రోజుది. జ్వరం వచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు, ఏ పనీ చేయబుద్ధి కాని రోజు అందులో ఉండవు.

ఇది నీ ఒక్కదాని సంగతి కాదు. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 1979లోనే దీనికి "ప్లానింగ్ ఫాలసీ" అని పేరు పెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే ముగ్గురు దీన్ని విద్యార్థుల మీదే పరీక్షించారు. చివరి సంవత్సరం థీసిస్ రాస్తున్నవాళ్లను, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే ఎన్ని రోజులు పడుతుందని కూడా అడిగారు. దానికి 49 దాకా చెప్పారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. అన్నిటికన్నా చెడ్డ అంచనాను కూడా దాటేసింది.

అందుకే నా సలహా ఏమిటంటే, "నాకెంత పడుతుంది" అని ఊహించకు. ఇలాంటిదే ఇంతకుముందు చేసినప్పుడు నిజంగా ఎంత పట్టిందో చూడు. నీకు అనుభవం లేకపోతే చేసినవాళ్లని అడుగు. పనికీ ప్రయాణానికీ మధ్య కొన్ని రోజులు ఏమీ పెట్టకుండా వదిలెయ్. కాలేజీ తెరిచే ముందు వారం కూడా వదిలెయ్.

పాతరైలు

లెక్కలక్క గారితో సగమే ఏకీభవిస్తాను. పంతొమ్మిదేళ్ల పిల్ల ఉత్సాహంగా పేజీ నింపుకుంటే, మనం ఎర్రపెన్నుతో కొట్టెయ్యడం నాకు నచ్చదు. పెద్ద ప్లాన్ వేసుకోనివ్వండి. అనుకున్నదంతా జరగకపోవచ్చు. దానికోసం చేసిన తయారీ మాత్రం ఊరికే పోదు.

చార్లెస్ డార్విన్ సంగతే చూడండి. 1831లో ఆయనకు 22 ఏళ్లు, కేంబ్రిడ్జిలో పరీక్షలు ముగిశాయి. ఆ వేసవిలో మిత్రులతో కలిసి స్పెయిన్‌కి చెందిన టెనెరీఫ్ దీవికి పోవాలని ప్లాన్. దానికోసం స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు, భూగర్భశాస్త్రం చదివాడు. జులైలో ఆ బృందంలో ముఖ్యుడైన రామ్సే చనిపోవడంతో ప్రయాణం ఆగిపోయింది. అయినా ఆగస్టులో ఆడమ్ సెడ్జ్‌విక్ అనే ప్రొఫెసర్ వెంట ఉత్తర వేల్స్ కొండల్లో తిరిగి, రాళ్లను ఎలా చూడాలో, పొరల వాలును ఎలా కొలవాలో నేర్చుకున్నాడు. ఆగస్టు 29న ఇంటికొచ్చేసరికి, ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరే బీగిల్ ఓడలో చోటుందని ఉత్తరం వచ్చి ఉంది. తండ్రి వద్దన్నాడు. మేనమామ నచ్చజెప్పాడు. డిసెంబరు 27న ఓడ బయల్దేరింది.

టెనెరీఫ్ ప్లాన్ లేకపోతే ఆ వేసవిలో రాళ్ల మీద అంత శ్రద్ధ పెట్టేవాడా? నాకైతే అనుమానమే. అమ్మాయ్, నీ పేజీ చించకు.

లెక్కలక్క

పాతరైలు గారూ, మంచి ఉదాహరణ చెప్పారు. కానీ మీరు చెప్పిన కథలోనే నా మాటా ఉంది. ఆ వేసవిలో డార్విన్ చేతిలో ఉన్నది ఒక్కటే విషయం. భాష నేర్చుకున్నా, పుస్తకాలు చదివినా, కొండలెక్కినా అన్నీ ఆ ఒక్క ప్రయాణం కోసమే. ఈ అమ్మాయి పేజీలో ఒకదానితో ఒకటి సంబంధం లేనివి తొమ్మిది ఉన్నాయి. నేను పేచీ పెడుతున్నది ఆ విడివిడితనం మీదే.

రెండోషిఫ్ట్

నేనూ డిగ్రీ విద్యార్థినే. ప్రతి సెలవుల్లోనూ పని చేస్తాను, ఎందుకంటే వచ్చే ఏడాది ఫీజు అందులోంచే కట్టాలి. మాలాంటివాళ్లకి "వేసవిలో ఎదగడం" అనే మాట కొంచెం దూరంగా వినిపిస్తుంది. ఫిర్యాదు చేయడం లేదండీ, ఈ చర్చలో అది కూడా ఉండాలని చెప్తున్నాను.

వేసవిపక్షి గారూ, పని గురించి నాకు తెలిసింది చెప్తాను. చేరే ముందే కొన్ని విషయాలు రాతలో తీసుకోండి. పెద్ద ఒప్పందమేమీ అక్కర్లేదు, ఒక మెయిల్ చాలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఎప్పుడిస్తారు, ఎవరికి రిపోర్ట్ చేయాలి, సెలవు కావాలంటే ఎవరిని అడగాలి. నోటిమాట మీద చేరితే, మధ్యలో ఆ మాట చెప్పినవాళ్లు మారిపోతే, మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఒకచోట నాకు అలాగే చివరి రెండు వారాల జీతం రాలేదు. ఆ తర్వాత నుంచి మొదటి రోజే, "మనం మాట్లాడుకున్నవి ఇవీ, సరిగ్గా రాశానా చూడండి" అని నేనే మెయిల్ పెడుతున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు.

ఇంకొకటి. పని చేసిన రోజు సాయంత్రం కోర్సు, భాష, ఈత అంటున్నారు. రోజంతా నిలబడి స్కానర్ దగ్గర పని చేశాక బుర్ర కోర్సుకి సహకరించదు. మొదటి రెండు వారాలూ పనీ, నిద్రా తప్ప ఏమీ పెట్టుకోకండి.

వేసవిపక్షి

రెండోషిఫ్ట్ గారూ, మీ మాట సూటిగా తగిలింది. పని నాకు అవసరమా, సరదానా అని నేను ఆలోచించనే లేదు. మెయిల్ విషయం ఈ రోజే చేస్తాను. లెక్కలక్కా, పాతరైలు గారూ, మీ ఇద్దరి వాదన చదివాక నాకొక ప్రశ్న వచ్చింది. నా పేజీలో ఒకదానికొకటి పనికొచ్చేవి ఏవి? ట్రెకింగ్‌కి పరుగు పనికొస్తుంది. ఒంటరి ప్రయాణానికి ఆ ప్రాంతం భాష పనికొస్తుంది. డేటా కోర్సు దేనికీ అతకడం లేదు. ఈతా అంతే.

రాత్రిడ్యూటీ

నేను నర్సుని. మీరిద్దరూ ఈ వేసవిలో శరీరాన్ని వాడబోతున్నారు కాబట్టి కొన్ని మాటలు. రెండోషిఫ్ట్ బాబూ, నువ్వు చేసే పని ఎండలోనా?

రెండోషిఫ్ట్

అవునండీ. ఈసారి గోడౌన్ దగ్గర లారీలకు లోడింగ్. సగం నీడ, సగం ఎండ. వచ్చే సోమవారం చేరాలి.

రాత్రిడ్యూటీ

అయితే ఇది తప్పక చదువు. వేడిలో పనిచేస్తూ చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోతున్నారు. బలం లేక కాదు, శరీరం ఇంకా అలవాటు పడక. చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తక్కువగా పోవడం, గుండె మీద భారం తగ్గడం, ఈ మార్పులన్నీ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ కొత్తవాళ్లకి చెప్పే లెక్క ఇది: మొదటి రోజు వేడిలో మామూలుగా చేసే పనిలో 20 శాతమే చేయాలి, తర్వాత రోజుకి 20 శాతానికి మించి పెంచకూడదు. మీ సూపర్‌వైజర్ ఇది వింటాడో లేదో నాకు తెలియదు, కానీ నువ్వు అడుగు. లారీ లోపలి బరువులు మొదటి రోజుల్లో పాతవాళ్లకి వదిలి, నీడలో లెక్క రాసే పని తీసుకో. దాహం వేసేదాకా ఆగకు, ప్రతి పావుగంటకీ ఇరవై నిమిషాలకీ ఒక గ్లాసు నీళ్లు తాగు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ అంబులెన్స్ పిలవండి.

వేసవిపక్షీ, నీకు కొండ సంగతి. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు పడకపోవచ్చు. బాగా పరుగెత్తేవాళ్లకి రాదనుకోవడం పొరపాటు, ఫిట్‌నెస్ దీన్ని ఆపదు. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి పైకి ఎక్కకుండా ఆగాలి. తలనొప్పితో పాటు వికారం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే ఆ రోజు ఇక ఎక్కకండి. నడక తడబడినా, మాట తికమకైనా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించెయ్యాలి. రాత్రయినా సరే. మీ ట్రెకింగ్ షెడ్యూల్లో ఆగే రోజు ఉందా?

వేసవిపక్షి

లేదండీ. ఇప్పుడే చూశాను. రోజూ ఎక్కడమే ఉంది. గ్రూపులో ఈ మాట పెడతాను.

ఇద్దరుపిల్లలతల్లి

నేను చదవడమే కానీ రాయడం తక్కువ. మా అమ్మాయి కూడా ఇదే వయసు. ట్రెకింగ్ గుంపుతో అంటే సరే అనుకుంటాను, కానీ "నేనొక్కదాన్నే రైల్లో" అన్న చోట నా గుండె ఆగింది. అమ్మా వేసవిపక్షీ, వద్దని చెప్పడానికి రాయలేదు. మీ ఇంట్లోవాళ్లకి ఏం చెప్పి వెళ్తున్నావు? అది తెలిస్తే నాలాంటి తల్లులకు కూడా సాయంగా ఉంటుంది.

పాతరైలు

అమ్మా, మీ భయం న్యాయమైనదే. నేను చాలా ఏళ్లు ఒంటరిగా తిరిగాను, నా పిల్లల్నీ తిరగనిచ్చాను. నేను పెట్టిన షరతులు ఇవి. కొత్త ఊళ్లో వెలుగుండగానే దిగాలి, చీకటి పడ్డాక దిగే రైలు అసలు బుక్ చేయకూడదు. మొదటి రాత్రి ఎక్కడుంటారో ముందే ఖాయం కావాలి, తర్వాతి రాత్రుల సంగతి అక్కడ చూసుకోవచ్చు. గుర్తింపు కార్డు కాపీలు ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగులో, ఒకటి ఫోన్లో. డబ్బు రెండు చోట్ల.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫోన్ ఒప్పందం. "అప్పుడప్పుడు చేస్తూ ఉండు" అంటే ఇద్దరికీ టెన్షనే. రోజుకి ఒకే సమయం పెట్టుకోవాలి. ఆ సమయానికి ఫోన్ రాకపోతే ఎన్ని గంటలు ఆగాలి, తర్వాత ఎవరికి చేయాలి, అది ముందే రాసుకోవాలి. ఇది ఉంటే పిల్లలు మిగతా రోజంతా స్వేచ్ఛగా తిరుగుతారు, పెద్దవాళ్లు మిగతా రోజంతా ఫోన్ చూస్తూ కూర్చోరు.

ఇద్దరుపిల్లలతల్లి

ఎన్ని గంటలు ఆగాలి అన్నది కూడా రాసుకోవడం నాకు తట్టలేదండీ. గంట ఆలస్యమైతేనే నాకు చెడ్డ ఆలోచనలన్నీ వచ్చేస్తాయి. ఇది మా ఇంట్లో అమలు చేస్తాను.

ఫైళ్లగది

మా ఆఫీసులో ఏటా వేసవికి విద్యార్థుల్ని తీసుకుంటాం. ఇటువైపు నుంచి ఏం కనిపిస్తుందో చెప్తాను. ఎక్కువ తెలిసిన విద్యార్థి కన్నా, తెలియనప్పుడు అడిగే విద్యార్థి మాకు కావాలి. చెప్పింది రాసుకుని, అదే ప్రశ్న రెండోసారి అడగని పిల్లల్ని మేం మర్చిపోము. పని ముగిసే ముందు వారంలో, ఏమేం చేశారో ఒక పేజీ రాసి ఇవ్వండి. మీ తర్వాత వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అందులో ఉండాలి. ఆ పేజీ చేతిలో ఉంటే మీకు సిఫారసు లేఖ రాయడం మాకూ సులువు. లేకపోతే "మంచి విద్యార్థి, కష్టపడతాడు" అని అందరికీ రాసేదే రాస్తాం.

ఆఖరి రోజున సంబంధం తెంచుకోకండి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా కలిసే దగ్గరివాళ్ల ద్వారా దొరికింది 17 శాతం మందికే. మిగతా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసే పరిచయస్థుల ద్వారానే దొరికింది. కారణం తేలికే. మన దగ్గరివాళ్లకి తెలిసినది మనకీ ముందే తెలిసి ఉంటుంది, కొత్త కబురు దూరపువాళ్ల దగ్గరే ఉంటుంది. ఆరు నెలలకోసారి ఒక మెయిల్ పెట్టండి, అంతకన్నా ఏమీ చేయక్కర్లేదు.

వేసవిపక్షి

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. అన్నీ చదివి కొత్తగా రాసుకున్నాను. ఈత, డేటా కోర్సు, వారానికో పుస్తకం తీసేశాను. పని ఉంది. పని అయ్యాక నాలుగు రోజులు ఖాళీ. తర్వాత ఒంటరి ప్రయాణం, అట్నుంచి అటే ట్రెకింగ్‌లో కలుస్తాను. ట్రెకింగ్‌లో ఆగే రోజు ఒకటి పెట్టడానికి గ్రూపు ఒప్పుకుంది, అంత ఇష్టంగా కాదు. పరుగు, భాష ఉన్నాయి కానీ పనిలో చేరిన మూడో వారం నుంచి. డైరీ మాత్రం మొదటి రోజు నుంచే. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందట కదా, పరుగు అలా నిలబడుతుందని ఆశ.

లెక్కలక్క

చాలా బాగుంది చెల్లీ. ఆ 21 రోజుల మాట ఒక్కటి వదిలెయ్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. రోజూ ఒక కొత్త పని, ఒకే సందర్భంలో చేయమన్నారు. అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టొచ్చని అంచనా. నీళ్లు తాగడం లాంటివి త్వరగా వచ్చాయి, వ్యాయామం ఆలస్యమైంది. నీ సెలవులన్నీ కలిపినా 70 రోజులే. సెలవులు అయ్యేసరికి పరుగు అలవాటు కాకపోతే నీలో లోపమేదో ఉందనుకోకు, సగం దారిలో ఉన్నావంతే. అందులోనే ఇంకో సంగతి తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ లేదు. తప్పిన మర్నాడు మళ్లీ చేస్తే చాలు.

వేసవిపక్షి (పనిలో మూడో వారం)

పని ఎలా సాగుతోందో చెప్తాను. మొదటి వారం చాలా నెమ్మదిగా సాగింది. పాత పత్రిక కాగితం ఇంత పెళుసుగా ఉంటుందని తెలియదు. యంత్రంతో నూరిన కలప గుజ్జుతో చేసిన కాగితంలో, కలప పోగుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది, వెలుతురుకీ గాలికీ అది పసుపెక్కుతుంది. కాగితంలో పుట్టే ఆమ్లం పోగుల్ని తినేస్తుంది. అందుకే పేజీని పైమూల పట్టుకుని, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి. వేలు తడి చేసుకోకూడదు. మాస్కు పెట్టుకోవాలి.

స్కాన్ చేయడం కన్నా వివరాలు ఎక్కించడమే అసలు పని అని రెండో వారంలో అర్థమైంది. ఒక సంపుటం అట్ట మీద రాసిన నెల ఒకటి, లోపలున్న సంచికలు ఇంకో నెలవి. నేను అనుమానంతో మా మేడమ్‌ని అడిగాను. ఎన్నో ఏళ్లుగా అది తప్పు చోట ఉంది. ఆవిడ రికార్డు మార్చి, ఆ నెల సంచికలు లేవని వెనక్కి పంపిన పరిశోధకుడికి ఫోన్ చేశారు. ఆయన మర్నాడే వచ్చారు. గ్రంథాలయశాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు చెప్పారని, అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమనడమని మేడమ్ అప్పుడే చెప్పారు. ఒక గడిలో సరైన తేదీ రాస్తే ఒక మనిషికి నెలల తరబడి వెతుకులాట తప్పుతుందని కళ్లారా చూశాక, ఆ గడులు నింపడం నాకు విసుగనిపించడం లేదు.

పరుగు మొదలైంది. భాష రోజుకి పావుగంట. అంతకన్నా రావడం లేదు, చాలనుకుంటున్నాను.

రెండోషిఫ్ట్

బాగుందండీ. నా వైపు నుంచి కూడా ఒక మాట. రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పింది సూపర్‌వైజర్‌కి చూపించాను. మొదట పట్టించుకోలేదు. రెండో రోజు నాతో చేరిన ఒకబ్బాయి వాంతి చేసుకుని కూలబడ్డాడు, నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాం, కోలుకున్నాడు. ఆ తర్వాత కొత్తవాళ్లందరికీ మొదటి వారం మధ్యాహ్నం పని తీసేశారు. నీళ్ల డ్రమ్ము లారీ పక్కకే తెచ్చారు.

రాత్రిడ్యూటీ

ఆ అబ్బాయి బాగున్నాడన్న మాట విని ఊపిరి పీల్చుకున్నాను. నువ్వు అడిగావు చూడు, అదే పెద్ద పని నాయనా. నిద్ర మాత్రం తగ్గించుకోకు. పద్దెనిమిది దాటినవాళ్లకి ఏడు గంటలకు తక్కువ కాకూడదు. నిద్ర లేకుండా ఎండలో పనిచేస్తే ఇబ్బంది రెట్టింపు.

వేసవిపక్షి (ప్రయాణం తర్వాత)

తిరిగి వచ్చాను. పాతరైలు గారి షరతులన్నీ పాటించాను. మా అమ్మ కూడా ఇప్పుడు వాటిని తన షరతులని చెప్పుకుంటోంది.

ఒంటరి ప్రయాణంలో మొదటి రోజు భయం వేసింది. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ జరగలేదు. తినడం, ఎక్కడ కూర్చోవడం, ఎప్పుడు లేవడం, అన్నీ నేనే తేల్చుకోవాలంటే అలసట వచ్చింది. రెండో రోజు రైల్లో నా ఎదుట ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆవిడకి చదవడం రాదు, తన స్టేషన్ వస్తే చెప్పమని అడిగారు. నాకు వచ్చిన ఆ కొద్దిపాటి భాషలోనే మాట్లాడుకున్నాం. ఆవిడ నా ఉచ్చారణ దిద్దుతూ ఉన్నారు. అంతకుముందు స్టేషన్ల బోర్డులు ఊరికే చూసేదాన్ని. ఇంకొకరి కోసం చూడాల్సి వచ్చేసరికి ఒక్కటీ వదలకుండా చదివాను. దిగేటప్పుడు వాళ్లబ్బాయి వచ్చి నంబరు తీసుకున్నాడు. ఆవిడ మొన్న ఫోన్ చేయించి, క్షేమంగా ఇల్లు చేరానా అని అడిగారు.

ట్రెకింగ్‌లో 3,400 మీటర్ల క్యాంపు దగ్గర ఒక స్నేహితురాలికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. గ్రూపులో సగం మంది "మాత్ర వేసుకుని నడుద్దాం, కనుమ రేపటికి దాటాలి" అన్నారు. నేను రాత్రిడ్యూటీ గారి మాటలు చదివి వినిపించాను. వాదన పెద్దదైంది. చివరికి ఆగే రోజు అక్కడే వాడేశాం. మర్నాడు తనకి తగ్గింది, కానీ వాతావరణం మారి కనుమ దాటలేకపోయాం, వెనక్కి దిగాం. ఇద్దరు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాకు బాధగానే ఉంది. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆగుదామనే చెప్తాను.

పాతరైలు

అమ్మాయ్, ఆ ఇద్దరూ మాట్లాడతారు. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది దాటొచ్చు. అందరూ ఎక్కుదామన్న చోట ఆగుదామని గొంతెత్తడం నాకు మీ వయసులో చేతకాలేదు. ఇంకో మాట చెప్పాలి. మొదట్లో లెక్కలక్క గారు ఖాళీ రోజులు పెట్టమంటే నేను అడ్డుపడ్డాను. ఆ ఆగే రోజు మీ షెడ్యూల్లో ముందే లేకపోతే ఆ వాదనలో నువ్వు గెలిచేదానివి కాదు. ఇక మీదట ఎవరికైనా ప్లాన్ చెప్తే నేనూ ఆ రోజుతో కలిపే చెప్తాను.

లెక్కలక్క

పాతరైలు గారూ, ధన్యవాదాలు. చెల్లీ, నీ రైలు కథ చదివితే 2013లో వచ్చిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. జర్మనీలో యూలియా జిమ్మర్‌మన్, ఫ్రాంజ్ నేయర్ విదేశాలకు చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థుల్నీ, వెళ్లనివాళ్లనీ పోల్చారు. వెళ్లినవాళ్లలో కొత్తదాన్ని ఆహ్వానించే గుణం పెరిగింది, ఆందోళన తగ్గింది. ఎందుకని చూస్తే, ఆ మార్పులో పెద్ద భాగం అక్కడ కొత్తగా ఏర్పడిన మనుషుల తోడు వల్లే వచ్చింది. నీ ప్రయాణం చిన్నది, వాళ్లది నెలల తరబడిది, రెండూ ఒకటని అనను. కానీ ఎవరైనా నన్ను ఎన్ని ఊళ్లు తిరగాలని అడిగితే, ఒక ఊరు తగ్గించుకుని అక్కడి మనిషితో ఒక పూట ఎక్కువ కూర్చోమని చెప్తాను.

పదిహేడు

ఈ చర్చ మొత్తం చదివాను. నా వయసు 17. వచ్చే సెలవుల్లో నాకూ పని చేయాలనుంది, ఎక్కడికైనా వెళ్లాలనుంది. ఫ్యాక్టరీలో పని ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రెండోషిఫ్ట్

తమ్ముడూ, ముందు ఆ ఫ్యాక్టరీలో నీకు ఏ పని ఇస్తారో కనుక్కో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం ప్రమాదకరమైన పనికి మామూలుగా 18 ఏళ్లు నిండాలి. ప్రమాదకరమైన యంత్రాలు, రసాయనాలు, ఎత్తు మీద పని అయితే వద్దని చెప్పెయ్. వయసు ఎక్కువ రాయిస్తామంటే అసలు వెళ్లకు. ఏదైనా జరిగితే నువ్వు అక్కడ పనిచేసినట్టే ఉండదు. ప్యాకింగ్, లెక్కలు రాయడం, కౌంటర్ లాంటివి అడుగు. అక్కడ కూడా ఆ మెయిల్ మర్చిపోకు.

వేసవిపక్షి

అన్న చెప్పింది చెయ్. నా వంతు చెప్తాను. పని ఒకటి, ప్రయాణం ఒకటి, ఆ రెంటికీ పనికొచ్చే నేర్పు ఒకటి. అంతకుమించి రాయకు. రెంటికీ మధ్య ఖాళీ రోజులు ముందే పెట్టు, ఎవరైనా వాటిని అడిగితే ఇవ్వకు. ప్రయాణం ఒంటరిగా వద్దులే, ఇంకో ఏడాది ఆగు, ఈసారి తెలిసినవాళ్లతో వెళ్లు, టికెట్లూ దారీ నువ్వే చూసుకో. డైరీలో రోజుకి నాలుగు లైన్లు చాలు: ఏం చేశావు, ఎవరిని కలిశావు, ఏది అర్థం కాలేదు. నేను ఆఖరి వారం గ్రంథాలయానికి ఇచ్చిన పేజీ మొత్తం "అర్థం కాలేదు" అని రాసుకున్న లైన్లలోంచే తయారైంది. ఫైళ్లగది గారు చెప్పినట్టే మేడమ్ దాన్ని చూసి సిఫారసు లేఖ రాశారు, కాలేజీ తెరిచాక శనివారాలు రమ్మన్నారు. నీ ప్లాన్ రాసుకున్నాక ఇక్కడే పెట్టు, అందరం చూస్తాం.